‘దమ్’ అన్న గడి

బాగ్‌బేరా, జంషెడ్‌పూర్,
12 సెప్టెంబరు 1982.

అన్నయ్య పోలరాజుకు చెల్లెలు వరహాలు నమస్కరించి రాయునది.

ఉత్తరమంటే ‘ఉభయకుశలోపరి’ అన్న మాటతోనే మొదలుకావాలని నాకు ఏడేళ్ల వయసులో పలక మీద రాయించినవాడివి నీవు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉభయ అంటే రెండు వైపులా అని కదా. ఇటువైపు కుశలమే. అమ్మకు మోకాలి నొప్పి తప్ప మరో బాధ లేదు. నేను వేళకు తింటున్నాను, కాలేజీకి పోతున్నాను. అటువైపు కుశలం గురించి నీవు రాసినదాన్ని మాత్రం నేను నమ్మను. ‘బాగున్నాను’ అన్న నాలుగక్షరాల మాటలో నీ కలం మూడు చోట్ల జారింది. చెయ్యి వణకనివాడు అలా రాయడు.

నిన్ను ఆసుపత్రి నుంచి తీసుకువచ్చి టెక్కలిలో చిలకమ్మ అత్త దగ్గరకు పంపి మూడు నెలలు దాటింది. ఈ మూడు నెలల్లో నీకు రాసిన ఉత్తరాలన్నీ వానల గురించి, అమ్మ వంట గురించి, రైల్వే యార్డులో కొత్తగా వచ్చిన ఇంజను కూత గురించి. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా అవన్నీ కలిపితే ఒక అబద్ధమవుతుంది. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు నీవు అడిగినవాటికి జవాబులు.

గోడ నెమ్మెక్కిందా అని అడిగావు. ఎక్కింది. ఇంటివాడికి చెప్పాను. వానలు తగ్గాక చూస్తానన్నాడు, ఏటా అన్నట్లే.

అమ్మ దిగులు పడుతున్నదా అని అడిగావు. నీకు దిష్టి తగిలిందని, అది బర్మామైన్స్ బస్తీలోని సన్యాసమ్మ దిష్టేనని తీర్మానించుకున్నది. సన్యాసమ్మ ఏప్రిల్‌లో మన గుమ్మంలో నిలబడి “నీ కొడుకు ఎంత ఏపుగా ఉన్నాడే” అన్నదట. నేను వాదించలేదు. నేను వాదించకుండా ఊరుకోవడం చూసి అమ్మ మరింత భయపడి, నాకు కూడా ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది.

డిబేట్లలో మాట్లాడుతున్నావా అని అడిగావు. లేదు. జులైలో రాంచీ నుంచి పిలుపు వచ్చింది, పోలేదు. మా చెల్లెలు వేదిక ఎక్కితే ఎదుటి జట్టు నీళ్లు అడుగుతుందని నీవు ఇటుకల భట్టీలో అందరికీ చెప్పుకునేవాడివి. ఇకమీదట చెప్పకు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. దానిని నీ మాటల్లోనే మళ్లీ రాస్తున్నాను, నేను దేనికి జవాబు చెబుతున్నానో మనిద్దరికీ స్పష్టంగా ఉండాలి కనుక.

“ఉప్పునీళ్లు అందరికన్నా నానే ఎక్కువ తాగినాను. అవి తాగినోడు పడిపోడని నీ కాయితంలో ఉన్నాదని సీతారామరావుగారు సెప్పినారు. మరి నానెందుకు పడ్డాను? నా వొంట్లోనే ఏదో తేడా ఉన్నాది. దసరా ఎల్లినాక వచ్చి మల్లీ భట్టీలో సేరతాను. ఆయన కబురెట్టినారు. ఈసారి జాగర్తగా ఉంటాను.”

అన్నయ్యా, నీ ఒంట్లో తేడా లేదు. తేడా నా కాగితంలో ఉన్నది. నీకు తెలిసిన సంగతులే అయినా మొదటి నుంచి చెబుతాను. వాదనలో ఒక్క మెట్టు వదిలినా మనిషి ఎక్కడ పడతాడో నాకిప్పుడు తెలుసు.

సీతారామరావుగారి ఇటుకల భట్టీలో మీరు రెండు గ్యాంగులు. ముసలయ్య మామ పని చేయించే మేటుగా మీ ఇరవైమంది, అప్పలసూరి మేటుగా మరో ఇరవైమంది. కాల్చిన ఇటుకలను భట్టీ పూర్తిగా చల్లారకముందే లోపలికి పోయి మోసుకురావడం మీ పని. ఆ వేడికి మనుషులు సొమ్మసిల్లి పడిపోవడం అక్కడ వింత కాదు. మా కాలేజీ విజ్ఞాన సంఘం వారి పోటీకి నేను ఆ విషయం ఎంచుకున్నాను. ఉప్పూ బెల్లమూ నిమ్మరసమూ కలిపిన నీళ్లు ఇస్తే పడిపోవడం తగ్గుతుందా? ఫిబ్రవరి మొదటి తారీఖు నుంచి ఎనిమిది వారాలు ముసలయ్య మామ గ్యాంగుకు ఆ నీళ్లు, అప్పలసూరి గ్యాంగుకు మామూలు నీళ్లు. సీతారామరావుగారు సంతోషంగా ఒప్పుకున్నారు. పోటీలో గెలిచినవారికి ఇచ్చే కప్పు కూడా ఆయనదే.

ప్రయోగంలో మారడానికి వీలున్న ప్రతిదాన్నీ చలరాశి అంటారు. మనం కావాలని మార్చేది స్వతంత్ర చలరాశి. నా కాగితంలో అది ఉప్పునీళ్లు. దాని వల్ల మారుతుందేమోనని మనం కాచుకుని చూసేది పరతంత్ర చలరాశి. అది పడిపోయినవారి లెక్క. మారకుండా బిగించి ఉంచవలసినవి నియంత్రిత చలరాశులు. ఒకే భట్టీ, ఒకే వేళలు, ఒకే బరువు, ఇంచుమించు ఒకే వయసు. మొదటి రెండింటినీ ఇక్కడ హిందీలో స్వతంత్ర్ చర్, ఆశ్రిత్ చర్ అంటారు. నేను వాటిని పైకి వల్లె వేస్తుంటే అమ్మ చేటలో బియ్యం ఏరుతూ విన్నది. నీకు గుర్తుండే ఉంటుంది.

“స్వతంత్రం సెరేటే? సెరలో ఉన్నోడికి స్వతంత్రమేటి?”

“చెర కాదమ్మా, చర్. మారేది అని.”

“రెండోదేటి మరి? ఆశ్రితుల సెరా? అయితే అది మనదే.”

నీవు గంజి తాగుతూ పొలమారేదాకా నవ్వావు. నేను అమ్మను కసిరాను. చదువుకున్నదాన్ని కదా.

ఈ మూడు రకాలూ పుస్తకం మొదటి పేజీలోనే ఉంటాయి. నాలుగోది ఉన్నది. మనం మార్చినదాని వెంట చప్పుడు చేయకుండా తానూ మారిపోయి, ఫలితాన్ని తానే తెచ్చి, పేరు మాత్రం మొదటిదానికి కట్టబెట్టేది. దానికి నాకు తెలుగులో మాట దొరకలేదు. దొంగ చలరాశి అంటాను. అమ్మ కొత్త డేగిశా కొన్ననాడు అన్నం మాడింది. డేగిశా మంచిది కాదని వారం రోజులు తిట్టింది. నిజానికి అదే రోజు మనం కట్టెలు మాని యార్డు బొగ్గుకు మారాము. రెండూ ఒకేసారి మారినప్పుడు ఏది మాడ్చిందో ఎవరూ చెప్పలేరు. చెప్పగలనన్నవాడు అబద్ధమాడుతున్నాడు.

ఎనిమిది వారాల్లో మీ గ్యాంగులో పడినవారు ఇద్దరు. అప్పలసూరి గ్యాంగులో పదకొండుమంది. నేను ఎగిరి గంతేశాను. రెండు రంగుల సిరాతో పటం గీశాను.

భట్టీలో లెక్కలు రాసే మున్షీ రోజువారీ రిజిస్టరును నేను నకలు చేసుకున్నాను. అందులో హిందీలో ‘దమ్’ అని ఒక గడి ఉన్నది. మీ గ్యాంగు పేరుకు ఎదురుగా ఆ గడిలో గంటకు మూడేసి గీతలు. అప్పలసూరి గ్యాంగుకు ఎదురుగా రోజంతా కలిపి ఒకటో రెండో. దమ్ము కొట్టడమంటే మన ఇళ్లలో ఏమిటి? బీడీ తాగడం. నేను కూడా అదే అనుకున్నాను. మున్షీ పనిదొంగల లెక్క రాసుకున్నాడనుకుని నా కాగితంలో ఒక వాక్యం చేర్చాను: ‘బీడీ విరామాలు పనికి ఆటంకమే తప్ప ఫలితంపై ప్రభావం లేనివి.’ ఆ వాక్యం రాసినప్పుడు ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఎంత సూక్ష్మంగా చూశానో లోకానికి తెలుస్తుందనుకున్నాను.

ఆ గీతలు బీడీలు కావు. ముసలయ్య మామ ఇరవై నిమిషాలకు ఒకసారి మిమ్మల్ని బలవంతంగా బయటికి లాగి రేకుల షెడ్డు నీడలో కూర్చోబెట్టినవి. మున్షీ ఆరా వైపు హిందీవాడు. ఆ ఊపిరి పీల్చుకునే సేపును తన భాషలో దమ్ అని రాసుకున్నాడు. అంటే ఉప్పునీళ్లు తాగిన గ్యాంగే నీడలోనూ కూర్చున్నది. దొంగ చలరాశి నా కాగితంలో తన పేరు తానే రాసుకుని కూర్చుంటే, నేను దానికి మరో పేరు పెట్టి బయటికి పంపాను.

తరువాతి సంగతి నీ శరీరానికి తెలుసు. ఏప్రిల్ 18న నాకు కప్పు వచ్చింది. 26న సీతారామరావుగారు భట్టీ గోడకు నోటీసు అంటించారు. ఇకనుంచి రెండు గ్యాంగులకూ ఉప్పునీళ్లు ఇస్తారు, కాలేజీ పరిశోధనలో తేలినట్లు దమ్ అనవసరం కనుక రద్దు. మే 19న నీవు లోపలే పడ్డావు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు. నీవు మేలుకున్నాక మొదట నాతో అన్న మాట, “పరీచ్చ బాగా రాసినావా?”

ఆగస్టులో ఒక ఆదివారం ముసలయ్య మామ మన ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని తలగుడ్డ విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“దమ్ మల్లీ ఇమ్మని లేబర్ ఆఫీసులో అర్జీ ఎట్టినాము, గుంటా. ఆయన ఏటి తెచ్చినాడో తెలుసా? నీ కాయితం.”

“నా కాగితమా?”

“అచ్చేసినదే. నీ పేరు కూడా ఉన్నాది కింద. మా మీద మా గుంటే సాచ్చికం సెప్పినాదని ఆఫీసరు ముందర సదివి వినిపించినాడు.” తలగుడ్డ భుజాన వేసుకుని మళ్లీ అన్నాడు. “నాను సదువుకోనేదు. ఒక్కటి సెప్పు. ముప్పై ఏళ్ల బట్టి మనుసుల్ని బయటికి లాగతన్నాను. అది బీడీకేనా?”

“పొరపాటు పడ్డాను మామా.”

“పొరపాటా?” అన్నాడు. “సరే. ఆ మాట అక్కడికొచ్చి సెప్పు మరి.”

అమ్మ టీ తెచ్చేలోగా వెళ్లిపోయాడు. ఆయన మన ఇంట్లో టీ తాగకుండా వెళ్లడం అదే మొదటిసారి.

గడచిన మంగళవారం, 7వ తారీఖున, నేను లేబర్ ఆఫీసుకు పోయాను. ఒక బల్లకు అటు సీతారామరావుగారు, ఇటు ముసలయ్య మామ, నడుమ అధికారి. దమ్ అంటే బీడీ కాదని, రెండు చలరాశులు కలిసి మారాయని, కనుక నా నిర్ణయం నిలవదని చెప్పాను. బాగా చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే అధికారి రాసుకోవడం ఆపి విన్నాడు.

సీతారామరావుగారు కోప్పడలేదు. అదే నాకు భయం కలిగించింది. “మన అమ్మాయే. అన్నకు బాగోలేదని బాధలో ఉన్నది,” అని అధికారితో అని నా వైపు తిరిగారు. “ఏమ్మా, అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా?”

“అప్పుడు పొరపాటు పడ్డాను.”

“అప్పుడు పొరపాటు పడినదానివి ఇప్పుడు పడకూడదని ఎక్కడున్నది?”

నేను నోరు తెరిచేలోగా అధికారి అడిగాడు. “పొరపాటని మీకు ఎప్పుడు తెలిసింది?”

“మా అన్నయ్య పడిపోయాక,” అన్నాను.

అధికారి ఆ మాట రాసుకున్నాడు. అయితే దమ్ ఉంటే మనుషులు పడరని రుజువైనట్లేనా అని అడిగాడు. కాదని చెప్పవలసి వచ్చింది. అది నిజం కనుక. రెండూ కలిసి మారినప్పుడు ఉప్పునీళ్ల గొప్ప అని ఎలా చెప్పకూడదో, నీడ గొప్ప అని కూడా అలాగే చెప్పకూడదు. సీతారామరావుగారు నవ్వారు. “అంటే ఏమీ తేలనట్లే కదండీ. కావాలంటే ఒక గ్యాంగుకు దమ్ ఇచ్చి, ఇంకోదానికి ఇవ్వకుండా రెండు నెలలు చూద్దాం. అమ్మాయే వచ్చి లెక్క రాసుకుంటుంది.” ముసలయ్య మామ నా వైపు చూశాడు. దమ్ ఇవ్వని గ్యాంగులో ఎవరెవరు ఉండాలో నేను చెప్పాలన్నట్లు చూశాడు.

అవసరం లేదన్నాను. ఆ ప్రయోగం జరిగిపోయింది. ఏప్రిల్ 26 తరువాత రెండు గ్యాంగులకూ ఉప్పునీళ్లు ఉన్నాయి, రెండింటికీ దమ్ లేదు. ముసలయ్య మామ వేళ్ల మీద చెప్పిన లెక్క ప్రకారం మొదటి నాలుగు వారాల్లో అప్పలసూరి గ్యాంగులో పడినవారు ఎనిమిదిమంది, మీ గ్యాంగులో తొమ్మిదిమంది. మేలో ఎండ పెరిగిందంటారు. పెరిగింది, ఇద్దరికీ పెరిగింది. కానీ ఎనిమిది వారాల పాటు మిమ్మల్నీ వాళ్లనూ వేరుచేసిన తేడా, దమ్ తీసివేయగానే మాయమైంది. ఉప్పునీళ్లు మీ చేతిలోనే ఉన్నాయి. అవి మిమ్మల్ని నిలబెట్టలేదు. మే నెల రిజిస్టరు తెప్పించమని అధికారిని అడిగాను. అది వానకు తడిసి పాడైందని సీతారామరావుగారు చెప్పారు. అలాగైతే పడినవారి వాంగ్మూలాలు తెమ్మని అధికారి అక్టోబరు 12 వరకు గడువు ఇచ్చాడు.

ఇక నేను మూడు నెలలుగా దాచినది. ఇంతవరకు రాసినదాంట్లో నేను మూర్ఖురాలిగా కనిపిస్తాను. అది నిజమైతే ఎంత బాగుండేది.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం నీవు భట్టీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నావు. నేను రిజిస్టరు నకలు పట్టుకుని నిన్ను ఎగతాళి చేశాను.

“మీ గ్యాంగువాళ్లు గంటకు మూడు బీడీలా అన్నయ్యా? ఊపిరితిత్తులా, కొలిమి తిత్తులా అవి?”

“బీడీలేటే?”

“ఇదిగో. దమ్, దమ్, దమ్.”

“ఒలే పిచ్చిగుంటా, అది బీడీ కాదే. ఊపిరి. ముసలయ్య మామ బయటికి లాగి కూకోబెడతాడు కదా, అది. మా గ్యాంగులో బీడీ కాల్సేటోల్లు ముగ్గురే. నాను కాల్సనని నీకు తెలీదేటి?”

నీకు ఆ సాయంత్రం గుర్తుండకపోవచ్చు. నాకు నీ కాళ్ల మీది నీళ్లు ఏ రాతి మీద పడ్డాయో కూడా గుర్తున్నది. నీవు లోపలికి పోయాక నేను ఆ నకలు ముందు కూర్చుని అంతా అర్థం చేసుకున్నాను, ఇప్పుడు నీకు చెప్పినంత స్పష్టంగానే. కాగితం అప్పటికే టైపుకు పోయింది. ఇంకా పది రోజులున్నాయి, తెప్పించుకోవచ్చు. తెప్పిస్తే చివరి వాక్యం ఏమని రాయాలి? ‘ఈ ప్రయోగం వల్ల ఏమీ చెప్పలేము.’ ఆ వాక్యానికి ఎవరూ కప్పు ఇవ్వరు.

పోటీ రోజున రాంచీ నుంచి వచ్చిన పరీక్షకుడు ఒకాయన నా పట్టికలో ఆ గడి మీద వేలు పెట్టి, “రెండు గ్యాంగుల మధ్య ఇంత తేడా ఉన్నదే, ఇదేమిటి?” అని అడిగాడు. వందమందిలో ఒక్కడు సరైన ప్రశ్న అడిగాడు. నేను తల ఎత్తి, గొంతు తడబడకుండా, “పొగ తాగడం సార్. కూలీల అలవాటు, అంతే,” అని ఇంగ్లీషులో చెప్పాను. ముందు వరుసలో సీతారామరావుగారు తల ఊపారు. వెనక తలుపు దగ్గర నీవు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డావు. ఇంగ్లీషు నీకు రాదు. చెల్లెలు జవాబు చెప్పింది కదా అని అందరికంటే ముందు నీవే చప్పట్లు కొట్టావు.

అన్నయ్యా, నేను పొరపాటు పడలేదు. నాకు తెలుసు. అమ్మ సన్యాసమ్మను తిడుతుంటే ఊరుకున్నది అందుకే. అధికారి ఎదుట కూడా తారీఖు మార్చి చెప్పాను. సత్యం కోసం పోయినదాన్ని, అక్కడ కూడా నన్ను నేను కొంచెం మిగుల్చుకున్నాను. ఆ కొంచెమే సీతారామరావుగారికి చాలింది. అది తెలియక జరిగిన పొరపాటు అయినంతకాలం, ‘ఇప్పుడూ పొరపాటు పడుతున్నదేమో’ అన్న ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలిసి చెప్పిన అబద్ధమని తేలితేనే ఆ కాగితం చస్తుంది.

అక్టోబరు 12న ఆ మాట నేనే చెబుతాను. కానీ ఇప్పటికే ఒకసారి మాట మార్చినదాన్ని. నా మాట ఒక్కటే ఎవరూ నమ్మరు, నమ్మనవసరమూ లేదు. కనుక నీవు రాయాలి. అత్తచేతగాని మరెవరిచేతగాని రాయించవద్దు. వణికినా నీ చేత్తోనే రాయి. మే 19న ఎన్ని గంటలకు లోపలికి పోయావు, ఎన్ని చెంబుల ఉప్పునీళ్లు తాగావు, అంతకుముందు నీడలో చివరిసారి ఎప్పుడు కూర్చున్నావు, ఇవి రాయి. ఆ కింద, ఏప్రిల్ మొదటి వారంలో దమ్ అంటే ఏమిటో చెల్లెలికి చెప్పానని, ఆమె విన్నదని రాయి. నా చదువేమవుతుందోనని ఆ వాక్యం వదిలేయాలని నీకు అనిపిస్తుంది. నీవు అలాంటివాడివి. వదలవద్దు. దానిని వదిలితే నీ వాంగ్మూలం కూడా నా కాగితం లాంటిదే అవుతుంది.

దసరా తరువాత భట్టీకి రావడం గురించి నేను నీకు ఆజ్ఞలు ఇవ్వను. ఆ అర్హత పోగొట్టుకున్నాను. దమ్ మళ్లీ వచ్చేదాకా రావద్దని ముసలయ్య మామ చెప్పమన్నాడు. అది ఆయన మాటగానే తీసుకో.

ఇది చదివాక నాకు జవాబు రాయాలనిపించకపోతే రాయకు. వాంగ్మూలం మాత్రం పంపు. నా పేరున కాదు, బర్మామైన్స్‌లో ముసలయ్య మామ పేరున పంపు. మొదట ఆయనే చదివించుకోవాలి.

ఇట్లు,
తెలిసి అబద్ధమాడిన
నీ చెల్లెలు
వరహాలు